ఎడమ కాలికి పని ఉన్న బండి

మార్చి 2

మావయ్యా,

ఇలా కాగితం మీద రాయడం నాకూ వింతగానే ఉంది. కానీ అత్త గీసిన గీత దాటే ధైర్యం మనిద్దరికీ లేదు కదా. కిందటి ఆదివారం ఫోన్లో నువ్వు "ఆటోమేటిక్కా!" అని అరిచిన అరుపుకి పక్క గదిలో ఉండే నర్సు వచ్చి తలుపు తట్టి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఆ వెంటనే అత్త నీ చేతిలో ఫోన్ లాక్కుని తీర్పు చెప్పేసింది. వంట గురించి, వాన గురించి, చుట్టాల గురించి అయితే ఫోన్లో. కారు గురించి మాత్రం ఉత్తరాల్లో. కాగితం మీద ఎంత అరిచినా ఆవిడ చెవిన పడదట.

సంగతి ఇది. ఐదేళ్ళుగా ఈ ల్యాబులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి కట్టుడు పళ్ళు చేసిపెట్టి కూడబెట్టినదంతా పోసి ఒక కారు కొనబోతున్నాను. చూడ్డానికి బుల్లి బండి. వెనకాల పైకి లేచే తలుపు, నలుగురు ఒద్దికగా కూర్చునే చోటు. లోపల మాత్రం దానికి మించిన ఇంజిను పెట్టారు. ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అంటారట. ఇది రెండు రకాల్లో వస్తుంది. గేర్లు మనం మార్చుకునేది ఒకటి, దానంతటదే మార్చుకునేది ఒకటి. మాన్యువల్ రకం ఈ ఏడాదితో ఆపేస్తున్నారు. ఏప్రిల్ పదో తారీకు లోపల బుక్ చేసుకోకపోతే తరవాత కాళ్ళు పట్టుకున్నా దొరకదు. ఇంకో పదేళ్ళదాకా మరో బండి కొనే తాహతు నాకు లేదు కాబట్టి, మంచో చెడో పదేళ్ళు దీనితోనే కాపురం.

నా గది నుంచి ల్యాబుకి దారిలో పద్నాలుగు సిగ్నళ్ళు. లెక్కపెట్టాను. అందుకే మనసు ఆటోమేటిక్ వైపు లాగుతోంది. ముప్ఫై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నవాడివి, నువ్వేమంటావు? ఏమంటావో తెలుసు. అయినా అడగడం మర్యాద కదా.

నీ మేనకోడలు


మార్చి 7

అమ్మడూ,

మర్యాద కోసం అడిగావు కాబట్టి మర్యాదగానే చెబుతున్నాను. వద్దు.

ఆటోమేటిక్ బండి తోలడమంటే ఎవరో ముద్ద కలిపి నోట్లో పెడితే నమలడం. పాలుతాగే పిల్లలకైతే సరే. కాళ్ళూ చేతులూ సలక్షణంగా ఉన్నదానివి, నీకేం ఖర్మ? అందులోనూ అంత ఇంజిను పెట్టుకుని!

సిగ్నళ్ళంటావా, పద్నాలుగు కాకపోతే నలభై ఉండనీ. అలవాటైన కాలికి క్లచ్ ఒక బరువు కాదు. నీకు నేర్పింది నేను. రైల్వే గేటు దగ్గర ఎత్తు మీద ఆపించి, వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా మోగిస్తుంటే, చక్రం వేలెడైనా వెనక్కి జారకుండా నువ్వు బండి ముందుకి తీసిన రోజు నాకింకా గుర్తే. పైకి నేనేమీ అనలేదు. ఇంటికొచ్చి మీ అత్త ముందు గంటసేపు నిన్ను పొగిడాను. అలాంటి కాలికి పెన్షనిచ్చి ఇంట్లో కూర్చోబెడతావా?

ఇక్కడ కొత్తగా సెలూన్ నడిపే ఆయన ఒకడు నేర్చుకోవడానికి వస్తున్నాడు. కత్తి పట్టుకుంటే చెయ్యి వణకదు గానీ, క్లచ్ వదిలేటప్పుడు మాత్రం గట్టిగా కళ్ళు మూసుకుంటాడు. ఎందుకయ్యా అంటే, "భయమండీ మాస్టారూ" అంటాడు. నీ దగ్గర గడ్డం గీయించుకునేటప్పుడు మేం కళ్ళు మూసుకుంటాం, నువ్వు కూడా మూసుకుంటావా అన్నాను. అప్పటి నుంచి ఒక కన్నే మూస్తున్నాడు. అభివృద్ధే అనుకోవాలి.

మీ అత్త ఇది నా భుజం మీదుగా చదివి, "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషిని సలహా అడిగింది చూడు, దాన్నీ అనాలి" అంటోంది. పట్టించుకోకు. ముందు వెళ్ళి రెండూ తోలి చూడు. ఆ తరవాత మాట్లాడు.

నీ మేనమామ
(కాగితం మీద అరవడం అనుకున్నంత సులువు కాదు)


మార్చి 13

మావయ్యా,

తోలాను. రెండూ తోలాను. నవ్వకు.

ముందు ఆటోమేటిక్ ఎక్కాను. పాపం, దాన్ని అనడానికేం లేదు. మహా తెలివైన బండి. నేను అనుకునేలోపే గేరు మార్చేస్తుంది. మా ల్యాబు యజమాని కూడా అంతే. మనం నోరు తెరిచేలోపు ఆయనే జవాబు చెప్పేస్తాడు. ఆ జవాబు సరైనదే అవుతుంది. మనకి మాత్రం ఒళ్ళు మండుతుంది.

తరవాత మాన్యువల్. ఊరి బయట కొత్త రోడ్డు మీద రెండో గేరులో బాగా లాగి మూడోది వేశాను. ఆ గేరు రాడ్డు టక్కున పడింది చూడూ, నాకు పైకే నవ్వొచ్చేసింది. పక్కనున్న షోరూము అమ్మాయి "ఏమైందండీ?" అని కంగారుపడింది. ఏం చెప్పను? పొద్దస్తమానం కిటికీ లేని గదిలో బల్ల ముందు వంగి కూర్చుని, ఎవరి దవడకో మైనం అద్దుతూ, గోరంత తేడా వస్తే మళ్ళీ మొదటికొచ్చే పని నాది. అలాంటిది, నా కాలూ చెయ్యీ కలిసి ఒక్కసారి కదిలితే అంత బండి ఎగిరి ముందుకి ఉరికింది. చాలా రోజులకి అంత సంతోషం వేసింది.

కాబట్టి నువ్వే గెలిచావు. ఈ ఉత్తరానికి ఫ్రేము కట్టించి స్కూల్లో వేలాడదీసుకో. శనివారం మాన్యువల్ బుక్ చేసేస్తాను. బండి చేతికి రాగానే తిన్నగా మీ ఇంటికే. మీ కొండ దారి మీద దాన్ని మొదట తోలేది నువ్వే. నేను పక్కన కూర్చుని, నువ్వు నన్ను తిట్టినట్టే నిన్ను తిడతాను. తప్పించుకుందామని చూడకు, నేను ఒప్పుకోను.

నీ మేనకోడలు


మార్చి 18

అమ్మడూ,

ఉత్తరం అందింది. సంతోషం. అయితే తొందరపడి బుక్ చెయ్యకు.

ఆలోచించి చూస్తే ఆటోమేటిక్కే మంచిదనిపిస్తోంది. కాలం మారింది. పద్నాలుగు సిగ్నళ్ళంటే మాటలు కాదు, మోకాళ్ళు అరిగిపోతాయి. ఇప్పటి ఆటోమేటిక్ బళ్ళు మనిషికన్నా బాగా గేర్లు మారుస్తాయని పేపర్లో కూడా వేశారు. రేపు అమ్మాలన్నా అదే తొందరగా పోతుంది.

ఇక్కడ వానల్లేవు. మీ అత్త బాగుంది. సెలూన్ ఆయన స్కూలు గేటుకి బండి గుద్ది ముందు బంపరు నొక్కేశాడు.

ఆటోమేటిక్ తీసుకో.

మేనమామ


మార్చి 23

మావయ్యా,

ఈ ఉత్తరం రాసింది నువ్వేనా, లేక పేపర్లో వేసినవాడా?

నీ నోటి నుంచి "కాలం మారింది" అనే మాట వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. పదిహేను రోజుల కిందట అది ముద్ద కలిపి నోట్లో పెట్టించుకోవడం. ఇప్పుడేమో మనిషికన్నా బాగా గేర్లు మారుస్తుంది. మొదట్లో నవ్వుకున్నాను. రెండోసారి చదివాక అర్థమైంది. అత్త నీకు స్తంభం సంగతి చెప్పేసింది. అవునా?

చెప్పొద్దని ఎంత బతిమాలుకున్నాను! అయినా విను. ల్యాబు యజమాని కారు నేలమాళిగలో పెడుతుంటే పక్క తలుపు స్తంభానికి గీసుకున్న మాట నిజమే. వెనక్కి తీస్తూ అద్దం చూసుకోకపోవడం నా తప్పు. దానికీ క్లచ్‌కీ ఏం సంబంధం? పద్దెనిమిదేళ్ళ వయసులో నన్ను అత్త ముందు పొగిడానన్నావు. ఇరవై తొమ్మిదేళ్ళకి నా చేతి మీద నమ్మకం పోయిందా? పోతే పోయిందని సూటిగా చెప్పు. మోకాళ్ళ మీదా, పేపరు మీదా పెట్టి చెప్పకు. నీ నోట చేతకానిదాన్ననిపించుకోవడం వేరు మావయ్యా. ఇంకెవరన్నా నాకు పట్టదు.

శనివారం షోరూముకి వెళ్ళలేదు. కోపంతో సంతకం పెడితే తరవాత ఏడవాల్సి వస్తుందని.

నీ మేనకోడలు (ఇంకా)


మార్చి 28

అమ్మడూ,

ఏ స్తంభం?

నాకెవరూ ఏమీ చెప్పలేదు. మీ అత్తని నిలదీస్తే, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు, కారుగలాయన ఊరుకున్నాడుగా" అని నా మీదే ఎగిరింది. నీకు దెబ్బలేమైనా తగిలాయా? మెడ నొప్పిగా ఉందా? తలుపుకి గీసుకుంటే అప్పుడేం తెలియదు, నెల పోయాక మెడ పట్టేస్తుంది. ఒకసారి డాక్టరుకి చూపించుకో.

నీ చేతి మీద నమ్మకం లేదని నేనెప్పుడన్నాను? నీ అంత బాగా క్లచ్ వదిలే మనిషిని ఈ ముప్ఫై ఏళ్ళలో ఇద్దరినో ముగ్గురినో చూశానంతే. అది వేరే సంగతి. ఆటోమేటిక్ వేరే సంగతి. రెండూ కలపకు. ఈ మధ్య పనుండి అటు వెళ్ళి, ఇక్కడి షోరూములో ఆ బండి ఊరికే చూసి వచ్చాను. సీట్లు బాగున్నాయి. ఆటోమేటిక్ తీసుకోమన్నాను, తీసుకో. పెద్దవాళ్ళు చెబితే ఏదో కారణం ఉంటుంది.

మేనమామ

(ఈ వెనక వైపు రాస్తున్నది అత్తని. పోస్టు డబ్బాలో వేసేది నేనే కాబట్టి చదివాను. ఆ స్తంభం ఊసు నేనెత్తలేదు తల్లీ, నీ అంతట నువ్వే బయటపడ్డావు. ఇప్పుడు ఈయన్ని బయటపెడతాను. బంపరు నొక్కింది సెలూన్ అబ్బాయి కాదు. అతను అప్పుడు బండిలోనే లేడు, గేటు తెరిచి పట్టుకుని బయట నిలబడ్డాడు. షోరూము నుంచి వచ్చిన రోజు నుంచి ఈయన తేలు కుట్టిన దొంగలా ఉన్నారు. అడిగితే సీట్లు బాగున్నాయంటారు. నువ్వడుగు. నీకైతే చెబుతారు.)


ఏప్రిల్ 1

మావయ్యా,

మెడ బాగుంది. తలుపు కూడా బాగుంది. ఇప్పుడు నీ సంగతి చెప్పు.

గేటు పట్టుకుని బయట నిలబడ్డవాడు బంపరు ఎలా నొక్కుతాడు? షోరూములో ఏం జరిగింది? నువ్వు ఎంత మంచి మాస్టారువో అంత చెడ్డ అబద్ధాలకోరువి. నేను కోపంలో ఏదేదో రాశాను, నా చేతి గురించీ నమ్మకం గురించీ. అదంతా నా గొడవేనని ఇప్పుడు తెలుస్తోంది. గొడవ నీదైతే నాకు భయంగా ఉంది.

పదో తారీకు దాకా గడువుంది. నీ దగ్గర నుంచి నిజం రాకుండా నేను ఏ బండీ బుక్ చెయ్యను. మాన్యువల్ చేజారితే ఆ పాపం నీదే.

అమ్మడు


ఏప్రిల్ 4

అమ్మడూ,

సరే. విను. మధ్యలో జాలిపడితే ఉత్తరం అక్కడితో ఆపేస్తాను.

చలికాలం నుంచి నా ఎడమ పాదం సరిగ్గా మాట వినడం లేదు. మొదట తిమ్మిరనుకున్నాను. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళితే, నడుం దగ్గర నరమొకటి నలిగిందన్నాడు. ఇంతకన్నా ముదరకుండా చూడగలం గానీ పోయిన పట్టు రాదన్నాడు. క్లచ్ ఉన్న బండి ఇక తోలొద్దన్నాడు. తల ఊపి, వచ్చేటప్పుడు బండి తోలుకునే ఇంటికొచ్చాను. ఊరంతా "క్లచ్ మాస్టారు" అని పిలిచేవాణ్ణి, ఆ మాట ఎవరితో చెప్పను?

గేటు సంగతి ఇది. బండి బయటికి తీస్తూ ఆగాను. పాదం క్లచ్ మీద నుంచి జారిపోయింది. జారినట్టు నాకు తెలియలేదు. బండి ముందుకి దూకాక తెలిసింది. సెలూన్ ఆయన ఒక్క అడుగు ఇటు నిలబడి ఉంటే ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదు. అతనే నా దగ్గరికొచ్చి, "నేనే గుద్దానని చెప్పండి మాస్టారూ, నన్నైతే అందరూ నమ్ముతారు" అన్నాడు. సిగ్గు లేకుండా ఒప్పుకున్నాను.

ఇక షోరూము. కొండ దారి మీద మొదట నేనే తోలాలని రాశావు కదా. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో నీకు తెలియదు. డాక్టరు మాట తప్పేమోనన్న ఆశతో వెళ్ళాను. తోలించే కుర్రాడు నా దగ్గర నేర్చుకున్నవాడే. "మాస్టారూ, మీరా!" అని కుర్చీ వేశాడు. వాళ్ళ ఆవరణలోనే, ఎవరూ లేని చోట మాన్యువల్ ఎక్కాను. మూడుసార్లు ఇంజిను ఆపేశాను. నేను! మూడోసారి ఆగినప్పుడు ఆడలేక మద్దెల ఓడన్నట్టు "మీ క్లచ్ గట్టిగా ఉందయ్యా" అన్నాను. వాడు "అవునండీ, కొత్త బండి కదా" అన్నాడు. వాడి మంచితనం చూసి ఇంకా బాధేసింది.

తరవాత ఆటోమేటిక్ ఇచ్చాడు. దానికి ఎడమ కాలితో పనే లేదు కదా, ఇంకేం, హాయిగా బయల్దేరాను. పది గజాలు వెళ్ళి గేరు మారిన చప్పుడు వినగానే, ఇన్ని నెలలుగా లేవమంటే లేవని ఆ కాలు, పిలవని పేరంటానికి వచ్చినట్టు లేచి క్లచ్ అనుకుని బ్రేకు మీద ధభీమని పడింది. కుర్రాడి కళ్ళజోడు ఎగిరి ముందు అద్దానికి తగిలింది. పని ఉన్న చోట పడుకుని, పని లేని చోట లేచిందమ్మా. ముప్ఫై ఏళ్ళ అలవాటు. కానీ రెండో చుట్టుకి దాన్ని సీటు కిందికి ముడిచి పెట్టుకుంటే బాగానే తోలగలిగాను. ఆ మాట నిజం.

అందుకే ఆటోమేటిక్ తీసుకోమన్నాను. నీ మోకాళ్ళ కోసం కాదు. నీ బండి ఒక్కసారి తోలాలని ఆశ. అంతే. నా ఆశ కోసం నిన్ను పదేళ్ళు అదే బండిలో తిరగమన్నాను. నీ చేత కాదనుకునేలా చేశాను. పెద్దవాణ్ణి, నాకు బుద్ధి ఉండాల్సింది. నీకు నచ్చింది తీసుకో. నా కోసం కొన్న కారు నాకొద్దు.

మేనమామ


ఏప్రిల్ 8

మావయ్యా,

జాలిపడలేదు. ఏడ్చానంతే, అది వేరు. మా యజమాని చూసి, చేస్తున్న పన్ను పగిలిందనుకుని ఇంకో మైనం ముద్ద తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

పొద్దున్న షోరూముకి వెళ్ళి బుక్ చేశాను. ఏదో చెప్పను. నువ్వు నాలుగు నెలలు దాచావు, నేను రెండు నెలలు దాచలేనా?

ఒక్క విషయంలో మాత్రం నవ్వులాట లేదు. నువ్వు రేపటి నుంచి ఆ స్కూలు బండి ఎక్కకూడదు. తోలే సీట్లోనూ వద్దు, పక్కన నేర్పే సీట్లోనూ వద్దు. నేర్చుకునేవాడు భయపడితే నీ వైపు క్లచ్చూ బ్రేకూ నువ్వు తొక్కాలి. తొక్కలేకపోతే అతని ప్రాణం ఎవరు చూస్తారు? ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రాశాను, ఎందుకంటే అత్త చెబితే నువ్వు వినవు. సెలూన్ ఆయనకి నీ నోటితోనే నిజం చెప్పు. ఇప్పటికే ఆయన నీ కోసం ఒక బంపరు మోశాడు.

అమ్మడు


జూన్ 19

అమ్మడూ,

నువ్వు వెళ్ళి రెండు రోజులైంది. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

స్కూలు బండి అమ్మేశాను. సెలూన్ ఆయన్నీ, నేర్చుకుంటున్న మిగతా ముగ్గురినీ మా వీధి చివర ఇంకో డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడకి అప్పగించాను. వారానికి మూడు రోజులు రోడ్డు రూల్స్ పాఠాలు మాత్రం నా దగ్గరే. సెలూన్ ఆయనకి నా నోటితోనే నిజం చెప్పాను. మర్నాడు ఇంటికే వచ్చి నాకు క్షవరం చేసి వెళ్ళాడు.

ఆ రోజు నీ బండి మా గేటు ముందు ఆగగానే, తలుపు తియ్యకముందే ఆ చప్పుడు బట్టి నాకు తెలిసిపోయింది మాన్యువల్ అని. నేనే వద్దన్నానా, అయినా మనిషి బుద్ధి చూడు, ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. ఆ తరవాత సంతోషించాను. ముందు బాధపడిన మాట కూడా నీకు తెలియాలి.

నువ్వు "ఎక్కు మావయ్యా" అన్నావు. పక్క సీట్లో కూర్చున్నాను. మీ అత్త స్పీడంటే భయమని ఇంట్లోనే ఉండిపోయింది. కొండ మొదట్లో నువ్వు బండి ఆపి, రాడ్డు మీద నుంచి చెయ్యి తీసేశావు. "ఇంక గేర్లు నీవి, నేను కాలు చూసుకుంటాను" అన్నావు. ఇదేం ఆటే అన్నాను. నువ్వు క్లచ్ తొక్కి కూర్చున్నావు. వెనక నుంచి బస్సు వస్తోంది. ఇంక చేసేదేముంది, మొదటిది వేశాను.

మొదటి మలుపు దాకా నువ్వు "ఇప్పుడు" అంటుంటే నేను మారుస్తున్నాను. రెండో మలుపులో నేను "తొక్కు" అంటుంటే నువ్వు తొక్కుతున్నావు. ఆ తరవాత ఎప్పుడో ఇద్దరం మాట్లాడటం మానేశాం. ఇంజిను గొంతు మారగానే నీ కాలు దిగేది, నా చెయ్యి కదిలేది. పైకి చేరేదాకా ఒక్కసారి కూడా గేరు కీచుమనలేదు. నా ఎడమ పాదం కూడా ఆ మలుపులన్నిట్లో కాళ్ళ కింది మ్యాటు మీద లేచి పడుతూనే ఉంది. నువ్వు కింద చూడలేదు కాబట్టి నీకు తెలియదు.

నిన్న మీ అత్త అడిగింది, కొండ మీదికి బండి తోలిందెవరని. నేనే అన్నాను. నిన్నడిగితే అవునని చెప్పు.

నీ మేనమామ